మధ్యన పడే బంతి ఎవరిది?



విశాఖపట్నంలో ఉండే పిల్లలకు ఉక్కును గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన పెద్ద ఉక్కు కర్మాగారం ఆ ఊళ్ళోనే ఉన్నది. అటువంటి ఉక్కు ఊరే మరొకటి యూరప్ ఖండం నడిబొడ్డున, చెక్ దేశంలో ఉన్నది. దాని పేరు ఓస్ట్రావా. అక్కడ 1828లోనే ఇనుప కర్మాగారం పెట్టారు. 1998లో ఆ కర్మాగారపు కొలుములు చల్లారిపోయాయి. ఇప్పుడు వాటిని చూసి పోవటానికి జనం వస్తూంటారు. విశాఖకు సముద్రం ఉన్నది, ఓస్ట్రావాకు లేదు. ఈ ఊరి పేరు ఆ ఊళ్ళో ఎంతమందికి తెలుసునో చెప్పలేం.

అయితే ఈ రెండు ఊళ్ళనూ కలిపే దారం ఒకటి ఉన్నది. అది ఒక టెన్నిసు క్రీడాకారిణి కథ. విశాఖపట్నం ఆటగాడితో జతకట్టి ఆమె ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఓస్ట్రావాలో తన ఆటజీవితంలోని చివరి టైటిలు గెలుచుకున్నది. ఆమె మన హైదరాబాదు పిల్ల. పేరు సానియా మీర్జా.

కథలోకి వెళ్ళే ముందు చిన్న లెక్క చేద్దాం. పలకా బలపం తీసుకోండి.

టెన్నిసు కోర్టు పొడవు 78 అడుగులు. మధ్యన నెట్టు ఉంటుంది గనక ఒక్కొక్క పక్షానికి 39 అడుగులు. ఇటు ఒకరు, అటు ఒకరు ఆడే సింగిల్స్ ఆటకు కోర్టు వెడల్పు 27 అడుగులు. అంటే ఒక మనిషి కాపాడుకోవలసిన చోటు 39ని 27తో హెచ్చిస్తే 1053 చదరపు అడుగులు. ఇద్దరిద్దరు ఆడే డబుల్స్‌కు వెడల్పు 36 అడుగులు. ఒక జంట 1404 చదరపు అడుగులు కాపాడుకోవాలి. చెరిసగం పంచుకుంటే తలా 702 వచ్చింది.

"అయితే డబుల్స్ సులువన్నమాట!" అంటారు మీరు. చాలామంది పెద్దవాళ్ళూ అలాగే అనుకుంటారు. కాని లెక్కలో ఒక చిక్కున్నది. ఇద్దరికీ సరిగ్గా మధ్యన పడే బంతి ఎవరిది? ఇద్దరూ దూకితే రాకెట్లు ఢీకొంటాయి. "ఆమె కొడుతుందిలే" అని ఇద్దరూ ఊరుకుంటే బంతి వెనక్కు పోతుంది. పలకమీద తేలని ఈ లెక్కను తేల్చుకోవటంలోనే సానియా ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. అది ఎలా జరిగిందో వినండి.

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టింది. పెరిగింది మాత్రం హైదరాబాదులోనే. ఆరేళ్ళ వయసులో రాకెట్టు పట్టుకున్నది. ఆ రోజుల్లో మన దేశంలో ఆడపిల్ల టెన్నిసు ఆడి బతుకుతానంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. చుట్టూ మంచి కోర్టులు కూడా లేవు. పేడతో అలికిన కోర్టులమీద ఆట నేర్చుకున్నానని ఆమె పెద్దయిన తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్నది. మన పల్లెటూళ్ళలో అమ్మలు వాకిలి అలికినట్టే! తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు శిక్షకుడు కూడా అయినాడు. ఊరూరికీ పోటీలకు తిప్పటంలో తల్లిదండ్రులు తమ పనులూ, సుఖాలూ పక్కన పెట్టారు.

2003లో రష్యా పిల్ల అలీసా క్లెబనోవాతో కలిసి సానియా వింబుల్డన్‌లో బాలికల డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, సొంత ఊరు హైదరాబాదులోనే ప్రపంచ మహిళల పోటీల్లో ఒక సింగిల్స్ టైటిలు గెలిచింది. అటువంటి టైటిలు అంతకు పూర్వం ఏ భారతీయ మహిళా గెలవలేదు. అదే ఏడు అమెరికా ఓపెన్‌లో నాలుగో రౌండుదాకా వెళ్ళింది. 2007 ఆగస్టుకు సింగిల్స్ ఆడే స్త్రీలందరిలోనూ ఆమె 27వ స్థానంలో ఉన్నది. కుడిచేత్తో ఆమె కొట్టే దెబ్బ తుపాకి గుండులాగా పోయేది. ఇక మొదటి పదిమందిలోకి రావటమే తరువాయి అని అందరూ అనుకున్నారు.

ఇంతలో ఆ కుడిచేతి మణికట్టే మొరాయించింది.

మీ మణికట్టును ఒకసారి తడిమి చూసుకోండి. అందులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరసలుగా అమరి ఉన్నాయి. మనం చేతిని అన్ని వైపులకూ తిప్పగలుగుతున్నామంటే అది వాటి చలవే. టెన్నిసు బంతి బరువు సుమారు 58 గ్రాములు. అంటే మామూలు కోడిగుడ్డంత. అది రాకెట్టు తీగలకు ఆనుకుని ఉండేది సెకనులో సుమారు 200వ వంతు కాలం మాత్రమే. ఆ లిప్తకాలంలో బంతి దూసుకువచ్చిన వేగాన్ని ఆపి, అంతకన్న ఎక్కువ వేగంతో వెనక్కు పంపాలి. ఆ అదురంతా మణికట్టు గుండానే పోతుంది. రోజుకు వందలసార్లు, ఏళ్ళ తరబడి అలా అదిరితే ఎంత గట్టి కీలైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురు తిరుగుతుంది.

2008లో చైనాలోని బీజింగులో ఒలింపిక్ ఆటలు జరిగాయి. సానియా మొదటి ఆట చెక్ దేశపు ఇవెటా బెనెషోవాతో పడింది. చెయ్యి నొప్పికి తట్టుకోలేక ఆమె ఆ ఆట మధ్యలోనే విరమించుకోవలసి వచ్చింది. దేశం తరఫున ఆడుతూ ఆట మధ్యన వెనుదిరగటం ఎంత బాధో ఆలోచించండి. మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. తల దువ్వుకోవటం కూడా కష్టమయ్యేదని ఆమె తరవాత చెప్పింది. రెండు మోకాళ్ళకు కూడా శస్త్రచికిత్సలు అయ్యాయి.

మరొకరైతే రాకెట్టు అటకమీద పడేసేవారే. సానియా 2009 జనవరిలో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. ప్రపంచంలోని నాలుగు పెద్ద పోటీలను గ్రాండ్‌స్లామ్ అంటారు. పెద్దల విభాగంలో అటువంటి టైటిలు గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. 2012లో ఈ జంటే ఫ్రెంచి ఓపెన్‌లోనూ గెలిచింది.

ఆ తరవాత, 2013లో, ఆమె సింగిల్స్ పూర్తిగా మానేసింది. ఇది చిన్న నిర్ణయం కాదు. పేరూ, డబ్బూ, పత్రికల్లో బొమ్మలూ ఎక్కువగా సింగిల్స్‌వాళ్ళకే దక్కుతాయి. "ఇక ఈమె పని అయిపోయింది" అన్నవాళ్ళు లేకపోలేదు. కాని సానియా తన శరీరం ఎంత మొయ్యగలదో చూసుకుని, మొయ్యగల బరువునే ఎత్తుకున్నది. ఎత్తుకున్నదాన్ని మాత్రం శిఖరందాకా మోసింది.

ఇక్కడే మన విశాఖ కథలోకి వస్తుంది. 2014 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. మిక్స్‌డ్ డబుల్స్‌లో సానియాకు జోడీ సాకేత్ మైనేని. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టి, విశాఖపట్నాన్ని తన ఊరుగా చేసుకున్న ఆటగాడతను. ఫైనల్ రోజున అతను పురుషుల డబుల్స్ ఫైనల్ కూడా ఆడవలసి వచ్చింది. అందులో ఓడిపోయి వెండి పతకంతో సరిపెట్టుకున్నాడు. ఓటమి బాధ, ఒంటి అలసట రెండూ ఉన్న జోడీతో ఆడటం ఎలా ఉంటుందో మీరే ఊహించండి. అయినా ఈ తెలుగు జంట తైపే జంటను 6-4, 6-3 తేడాతో ఓడించి బంగారు పతకం తెచ్చింది.

2015 మార్చిలో సానియాకు మరో జోడీ దొరికింది. ఆమె మార్టినా హింగిస్. హింగిస్ స్విట్జర్లండు తరఫున ఆడినా, పుట్టింది అప్పటి చెకోస్లొవేకియాలోని కొషీత్సే పట్నంలో. చెకోస్లొవేకియాలో పుట్టిన గొప్ప క్రీడాకారిణి మార్టినా నవ్రతిలోవా పేరే తల్లి ఆమెకు పెట్టుకున్నది. హింగిస్ నెట్టు దగ్గర బంతిని అలవోకగా ఎటు కావాలంటే అటు తిప్పేది. సానియా వెనకనుంచి బలంగా కొట్టేది. ఒకరి లోటు మరొకరు పూడ్చేవారు. వరసగా మూడు పోటీలు గెలిచారు. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచంలో ఒకటో స్థానానికి వచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమే.

ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్ జరిగింది. ఎదుట రష్యా జంట మకరోవా, వెస్నినా. చివరి సెట్టులో సానియా జంట 2-5తో వెనకబడి ఉన్నది. ఇంకొక్క గేము పోతే అంతా అయిపోయినట్టే. అటువంటప్పుడు మామూలు జంటలు ఏం చేస్తాయో మీకు తెలుసు. "నువ్వు ఆ బంతి వదిలావు", "నువ్వే వదిలావు" అని ఒకరినొకరు చూసుకుంటాయి. వీళ్ళు ఆ పని చెయ్యలేదు. ఒక్కొక్క గేమే గెలుచుకుంటూ 5-5కు వచ్చారు. చీకటి పడటంతో కోర్టు పైకప్పు మూసి దీపాలు వేశారు. ఆ వెలుగులో 7-5తో గెలిచారు. తరవాత అదే ఏడు అమెరికా ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా వాళ్ళవే. ఆస్ట్రేలియా ఫైనల్లో ఓడిన జంట చెక్ దేశానిదే, హ్లవాచ్‌కోవా, హ్రదెత్స్కా. ఈ మధ్యకాలంలో సానియా, హింగిస్ ఒక్కటీ ఓడకుండా వరసగా 41 ఆటలు గెలిచారు.

జోడెద్దులు ఎంత మంచివైనా ఎల్లకాలం ఒకే కాడికింద ఉండవు. 2016 ఆగస్టులో ఇద్దరూ విడిపోయారు. సానియా చెక్ దేశపు బర్బోరా స్త్రిత్సోవాతో కలిసింది. కొత్త జంట అమెరికాలోని సిన్సినాటిలో మొదటి పోటీలోనే ఫైనల్‌కు వచ్చింది. ఎదుటి పక్షాన ఎవరున్నారనుకున్నారు? హింగిసే! సానియా, స్త్రిత్సోవా గెలిచారు. అయినా పాత జోడీతో పగ పెట్టుకోలేదు. అదే ఏడాది చివర సింగపూరు పోటీలో సానియా, హింగిస్ మళ్ళీ ఒకే పక్షాన ఆడారు.

2018లో సానియా తల్లి అయింది. రెండేళ్ళకు పైగా పోటీలకు దూరంగా ఉండి, 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబర్టులో తిరిగి కోర్టులో దిగింది. ఉక్రెయిన్ దేశపు నాడియా కిచెనోక్‌తో కలిసి ఆ మొదటి పోటీనే గెలిచింది. 2021 సెప్టెంబరులో చైనా క్రీడాకారిణి జాంగ్ ష్వాయ్‌తో కలిసి, మనం మొదట చెప్పుకున్న ఉక్కు ఊరు ఓస్ట్రావాలో తన 43వ డబుల్స్ టైటిలు గెలిచింది. అదే ఆఖరిది. 2023 ఫిబ్రవరిలో దుబాయిలో చివరి పోటీ ఆడి, మార్చి 5న హైదరాబాదులో తనవాళ్ళ ఎదుట ఒక ప్రదర్శన ఆట ఆడి సెలవు తీసుకున్నది.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. మధ్యన పడే బంతి ఎవరిది?

మంచి జంటలు దీనికి ఒక ఉపాయం పెట్టుకుంటాయి. బంతి వస్తుండగానే ఇద్దరిలో ఒకరు "నాది!" అనో, "నీది!" అనో కేక వేస్తారు. "నాది" అన్నవారు తప్పక కొట్టాలి, తప్పితే తప్పు ఒప్పుకోవాలి. "నీది" అన్నవారు పక్కకు తప్పుకుని జోడీని నమ్మాలి. సానియా ఎంతోమంది జోడీలతో ఆడింది. వాళ్ళ దేశాలు వేరు, భాషలు వేరు, అలవాట్లు వేరు. ప్రతి కొత్త జోడీతోనూ ఈ రెండు మాటలూ మొదటినుంచి నేర్చుకోవలసిందే. ఒక్కతే ఆడినప్పుడు "నాది" అంటే సరిపోయింది. మణికట్టు మొరాయించిన తరవాత "నీది" అనటం నేర్చుకున్నది. 27వ స్థానంనుంచి ఒకటో స్థానానికి దారి అక్కడ దొరికింది.

ఈ ఆదివారం మీరూ పరీక్షించి చూడండి. బడి ఆవరణలోనో, విశాఖ పిల్లలైతే సముద్రపు ఒడ్డున తడి ఇసుకమీదనో గీతలు గీసుకోండి. రాకెట్టు లేకపోతే అరచేతులు చాలు, బంతి రబ్బరుదైనా చాలు. ఇద్దరిద్దరు జట్టుగా ఆడండి. ఆట అయిన తరవాత "నాది" అని ఎన్నిసార్లు అన్నారో, "నీది" అని ఎన్నిసార్లు అన్నారో లెక్క పెట్టుకోండి. ఏ జంట గెలిచిందో దానితో పోల్చి చూడండి.

పెద్దలకు కూడా ఒక మాట. మీ పిల్ల ఒక దారిలో ఆగిపోయి ఇంటికి వచ్చినరోజున "అయిపోయింది" అని తొందరపడి అనకండి. పక్కన మరో దారి ఉన్నదేమో కాసేపు ఇద్దరూ కూర్చుని వెతకండి.