గదికి కాదు, తలకు ఇంత

జపాన్ వెళ్లే కుటుంబం హోటళ్లు వెతకడానికి ముందు ఇంట్లోనే ఒక చిన్న జనాభా లెక్క రాసుకోవాలి. వెళ్లేది ఎంతమంది? పిల్లల వయసెంత? నేల మీద కూర్చుని లేవగలిగేది ఎవరు? చేప వాసన కూడా పడనిది ఎవరికి? మన దగ్గర ఈ ప్రశ్నలు గది తాళం చేతికొచ్చాక గానీ గుర్తుకు రావు. తిరుమల కాటేజీలోనో, పెళ్లివారి విడిదిలోనో ఇద్దరి గదిలో ఏడుగురు పడుకున్న అనుభవం లేని తెలుగు కుటుంబం అరుదు. కింద ఒక పరుపు వేస్తే సరి. 'సర్దుకుపోదాం' అన్న ఒక్క మాట మీద మన ప్రయాణాలు నడిచిపోతాయి. జపాన్‌లో ఆ మాట చెల్లదు. అక్కడ చెల్లేది 'ముందే చెప్పడం'. ముందు చెప్పినదాన్ని పొల్లుపోకుండా చేసిపెడతారు. కౌంటర్ దగ్గరికెళ్లి అడిగినదాన్ని మాత్రం నడుం వంచి, క్షమాపణ చెప్పి, ఎంతో మర్యాదగా కాదంటారు.

దీనికి మూలం లెక్కలోనే ఉంది. మన హోటల్ గదిని అమ్ముతుంది. జపాన్ హోటల్ మనిషికి చోటును అమ్ముతుంది. ర్యోకాన్ అనే సంప్రదాయ బసల్లో ధర చెప్పే తీరే 'ఒక రాత్రి, రెండు పూటల భోజనం, తలకు ఇంత'. గది ఒకటే అయినా నలుగురుంటే నాలుగు ధరలు. పిల్లలకు వేరే మెట్లుంటాయి. పెద్దల తరహా భోజనం పెడితే 70 శాతం, పిల్లల భోజనమైతే 50, పరుపు మాత్రమే ఇస్తే 30 అన్నది చాలాచోట్ల కనిపించే వాడుక. నగరాల్లోని బిజినెస్ హోటళ్లు కొంత ఉదారం. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలు అమ్మానాన్నల మంచం మీదే పడుకుంటే చాలా హోటళ్లు డబ్బు అడగవు. అలా పక్కన పడుకోబెట్టుకోవడానికి జపనీస్‌లో 'సోయినే' అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. అయితే ఆ పిల్లవాడు కూడా బుకింగ్ లెక్కలో ఉండాలి. బస చేసేవారి వివరాలు రిజిస్టరులోకి ఎక్కాలని 1948 నాటి హోటళ్ల చట్టం చెబుతోంది. 2005 నుంచి విదేశీ పర్యాటకుల పాస్‌పోర్టు నంబరు కూడా రాసుకుంటున్నారు.

పన్ను కూడా తలకే. క్యోటో నగరం 2018 అక్టోబరులో బస పన్ను మొదలుపెట్టింది, 2026 మార్చి నుంచి దాన్ని బాగా పెంచింది. రాత్రికి మనిషికి 6,000 యెన్‌ల లోపు బసకు పన్ను 200 యెన్‌లు. 20,000 నుంచి 50,000 లోపు అయితే 1,000. లక్ష యెన్‌లు, ఆపైన అయితే 10,000. ఐదుగురి కుటుంబం మనిషికి 20,000 దాటిన ర్యోకాన్‌లో దిగితే రాత్రికి 5,000 యెన్‌లు పన్నుకే పోతాయి. వేడినీటి ఊటలున్న ఊళ్లలో స్నానపు పన్ను ఉంటుంది. సాధారణంగా అది మనిషికి 150 యెన్‌లు.

ఇక గది కొలతలు. నగరాల్లోని బిజినెస్ హోటల్‌లో 11 నుంచి 15 చదరపు మీటర్ల గది మామూలు. ఒక పెట్టె తెరిస్తే రెండోది మూయాలి. 'సెమీ డబుల్' అన్న మాట చూసి మురిసిపోకూడదు. ఆ మంచం వెడల్పు 120 సెంటీమీటర్లు. ఇద్దరు భారతీయులు, మధ్యలో ఒక పిల్లవాడు అందులో తెల్లవార్లూ పక్కకు కూడా తిరగలేరు. పొగతాగే గదులు కూడా ఇంకా ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో పూర్తిగా అమల్లోకి వచ్చిన పొగాకు నిషేధ నిబంధనలు హోటల్ గదులను మినహాయించాయి. కనుక బుకింగ్‌లో 'నో స్మోకింగ్' అని చూసుకోవాల్సిందే.

అంత చిన్న గదిలోనూ స్నానాల గది మాత్రం తీరుగా ఉంటుంది. తొట్టి, సింకు, టాయిలెట్ అన్నీ కలిపి ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగించే 'యూనిట్ బాత్' 1964 టోక్యో ఒలింపిక్స్ హడావుడిలో హోటల్ న్యూ ఒటానీ కోసం పుట్టింది. వెయ్యికి పైగా గదులను గడువులోగా పూర్తిచేయడానికి టోటో కంపెనీ కనిపెట్టిన ఉపాయమది. 1980లో అదే కంపెనీ నీళ్లు చిమ్మే టాయిలెట్ సీటు 'వాష్‌లెట్' తెచ్చింది. యూరప్ వెళ్లినప్పుడు పెట్టెలో ప్లాస్టిక్ మగ్గు పెట్టుకునే మనవాళ్లకు జపాన్‌లో ఆ బెంగ లేదు. బటన్ల మీది బొమ్మలు అర్థమైతే చాలు.

అర్థం కాకపోతే? మేం ఐదుగురం వెళ్లాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ. ఒసాకాలో పక్కపక్క గదులు కావాలని బుకింగ్‌లోనే రాశాం. తీరా వెళ్లాక ఇచ్చిన గదులు ఒకటి ఏడో అంతస్తులో, ఒకటి పదకొండులో. పక్క గది అన్నది కోరిక మాత్రమే, హామీ కాదని రిసెప్షన్ అమ్మాయి వివరించింది. బుకింగ్ నిబంధనల్లో అలాగే ఉంది కూడా. తొమ్మిదేళ్ల మనవరాలిని తోడిచ్చి అమ్మను పదకొండో అంతస్తుకు పంపాం. లిఫ్టులో గది కార్డు తాకించడం నుంచి టాయిలెట్ బటన్ల దాకా మనవరాలే గురువు. పిల్లకది ఆట. కానీ అర్ధరాత్రి అమ్మకు దాహం వేసినా, కాలు పట్టేసినా నిద్ర లేపాల్సింది ఆ పిల్లనే. ముసలివాళ్లతో వెళ్లేవారికి హోటల్ నక్షత్రాల కంటే ఇది పెద్ద విషయం.

గదుల మధ్య తలుపుండే కనెక్టింగ్ గదులు జపాన్ మధ్యతరగతి హోటళ్లలో తక్కువ. దానికి బదులు ఇప్పుడు మరో దారి ఉంది. 2018 నుంచి విస్తరిస్తూ వచ్చిన మిమారు లాంటి అపార్ట్‌మెంట్ హోటళ్లు నలుగురైదుగురు ఒకే గదిలో పడుకునేలా, చిన్న వంటగదితో కట్టినవి. టోక్యో, క్యోటో, ఒసాకాల్లో ఇవి ఉన్నాయి. పప్పు, అన్నం, పెరుగు దొరికితే పెద్దవాళ్లకు మర్నాటి నడకకు ఓపిక ఉంటుంది. ఇళ్లను అద్దెకిచ్చే పద్ధతికి 2018 జూన్ నాటి చట్టం ఏడాదికి 180 రోజుల హద్దు పెట్టింది. అలాంటి ఇల్లు తీసుకుంటే దాని రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోవాలి. టోక్యోలో మన తిండి, మన సరుకులే ముఖ్యమనుకుంటే భారతీయులు, వారిలో తెలుగు కుటుంబాలూ ఎక్కువగా ఉండే నిషి కసాయ్ ప్రాంతంలో దిగవచ్చు. తోజాయ్ లైన్ మెట్రోలో నగరం నడిబొడ్డుకు అక్కడి నుంచి ఎంతో సేపు పట్టదు.

మరి ర్యోకాన్ సంగతి? ప్రపంచంలోనే అతి పాత హోటల్‌గా గిన్నిస్ గుర్తించిన నిషియామా ఒన్సెన్ కేయున్‌కన్ యమనాషిలో ఉంది. క్రీస్తుశకం 705లో మొదలైంది. ఇషికవా జిల్లాలోని హోషి ర్యోకాన్ 718 నాటిది. ఈ పరంపరలోని బస ఒక్క రాత్రైనా చూడకపోతే ప్రయాణంలో వెలితే. గదిలో మంచం ఉండదు, తతామి చాపలుంటాయి. ఒక్కో చాప సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు. గది కొలత చెప్పేది కూడా చాపల లెక్కలోనే. మీరు రాత్రి భోజనానికి కూర్చునే సరికి ఎవరో వచ్చి ఫుతాన్ పరుపులు పరిచి వెళతారు. ఐదు పరుపులూ వరసగా ఉంటే పిల్లలకు అమ్మమ్మగారింటి వేసవి సెలవులే. 'సర్దుకుపోవడం' అంటే ఏమిటో జపాన్‌వాళ్లకూ ఒకప్పుడు తెలుసన్నమాట. కాకపోతే దానికీ తలకు ఇంతని ధర కట్టారు.

ర్యోకాన్‌లో పెద్దవాళ్లకు దక్కే మర్యాద వేరు. గదిలో ఒక మూల పూలు, బొమ్మ చిత్రం ఉండే గూడును తొకొనోమా అంటారు. దాని ముందుది గౌరవస్థానం. మా అమ్మ హోటళ్లలో ఎప్పుడూ చివరి కుర్చీ చూసుకుంటుంది, అందరికీ వడ్డన అయ్యాక తింటుంది. హకోనేలో వడ్డించే ఆవిడ ఏమీ అడక్కుండానే ఆమెను తీసుకెళ్లి తొకొనోమా ముందు కూర్చోబెట్టి, మొదటి పళ్లెం ఆమెకే పెట్టింది. గది బుక్ చేసేటప్పుడు మోకాళ్ల నొప్పి సంగతి రాశాం కాబట్టి అక్కడ కాళ్లున్న కుర్చీ ఒకటి ముందే సిద్ధంగా ఉంది. చెప్పకపోతే ఉండేది వెన్నుదన్ను మాత్రమే ఉండి కాళ్లులేని 'జాయిసు'. చాపలతోపాటు మంచాలు కూడా ఉండే 'వయోషిత్సు' గదులు ఇప్పుడు చాలా ర్యోకాన్లలో ఉన్నాయి. పెద్దవాళ్లుంటే వెతకాల్సిన మాట అదే. పసిపిల్లలను రానివ్వని ర్యోకాన్లూ ఉన్నాయి. అదీ ముందే చూసుకోవాలి.

వేళలు కూడా కచ్చితం. సాయంత్రం ఆరు, ఆరున్నరకు భోజనం. మీ రైలు ఆలస్యమైందని వంటవాడు ఆగడు. యుకతా కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకొస్తే అది శవానికి కట్టే తీరు. మనకూ ఇలాంటి పట్టింపులున్నాయి కాబట్టి ఒక్కసారి చెబితే చాలు.

అసలు ఇబ్బంది స్నానం దగ్గర. ఒన్సెన్‌లో అందరూ కలిసి, ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి. ఆడవాళ్లకు, మగవాళ్లకు తొట్లు వేరు. అయినా సొంత తోటికోడలి ముందైనా చీర మార్చుకోని మన ఆడవాళ్లకు ఇది మింగుడుపడదు. దీనికీ విరుగుడుంది. గంట లెక్కన తలుపేసుకుని వాడుకునే స్నానపు గదులను 'కషికిరి' అంటారు. వాటికే 'కజోకు బురో' అని మరో పేరు, అంటే కుటుంబ స్నానం. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల రుసుము. పిల్లల విషయంలో నిబంధన మారింది. పదేళ్ల లోపు పిల్లలు ఏ వైపైనా వెళ్లొచ్చన్న పాత మార్గదర్శకాన్ని జపాన్ ఆరోగ్య శాఖ 2020 డిసెంబరులో ఏడేళ్లకు దించింది. ఒంటరిగా ఎనిమిదేళ్ల కూతురితో వెళ్లే తండ్రి ఇది గుర్తుపెట్టుకోవాలి.

శాకాహారులకు ర్యోకాన్ భోజనం అంటే పరీక్షే. కంటికి చేప కనిపించని పులుసులోనూ, ఉడికించిన కూరగాయల్లోనూ 'దాషి' ఉంటుంది. పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుముతో తీసే రసం అది. 'వెజిటేరియన్' అని రాస్తే సరిపోదు, చేప దాషి కూడా వద్దని రాయాలి. కాదంటే కాదనే చెబుతారు. అలాంటి కుటుంబాలకు జపాన్‌లో అన్నింటికంటే మంచి బస హోటల్ కాదు, సత్రం. ఒసాకాకు దక్షిణంగా ఉన్న కోయాసాన్ కొండ 816లో కూకాయ్ అనే బౌద్ధ గురువుకు చక్రవర్తి అనుగ్రహించిన చోటు. 2004 నుంచి ప్రపంచ వారసత్వ ప్రదేశం. అక్కడి 117 ఆలయాల్లో దాదాపు యాభై యాత్రికులకు బస ఇస్తాయి. వడ్డించేది 'షోజిన్' భోజనం. మాంసం, చేప సరే, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. దాషి సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో తీస్తారు. మా పెద్దావిడ ఆ ప్రయాణం మొత్తంలో ఏదీ అడక్కుండా, అనుమానించకుండా కడుపునిండా తిన్నది అక్కడే.

తెల్లవారి కొన్ని ఆలయాల్లో జరిగే 'గోమా' అగ్నిపూజ పేరు మన హోమం నుంచి వెళ్లిందే. భోజనంలో వచ్చే గోమా తోఫుకు దీనితో సంబంధం లేదు. ఆ గోమాకు అర్థం నువ్వులు. కోయాసాన్‌లోనూ కష్టాలున్నాయి. పడక నేల మీదే, చాలాచోట్ల టాయిలెట్ వరండా చివర, చలికాలంలో ఎముకలు కొరికే చలి. మోకాళ్లు, శాకాహారం రెండూ ఉన్న ఇంట్లో ఏది ముఖ్యమో ముందే తేల్చుకోవాలి.

రోజుకో హోటల్ మారితే పెద్దవాళ్లు పెట్టెల బరువుకే అలిసిపోతారు. 1976లో యమాతో కంపెనీ మొదలుపెట్టిన 'తక్క్యూబిన్' సర్వీసు హోటల్ నుంచి హోటల్‌కు పెట్టెలను చేరవేస్తుంది, తరచు మర్నాటికే. మూడు కొలతలు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు 2020 మే నుంచి తొకాయ్‌దో షిన్‌కన్‌సెన్‌లో ముందుగా చోటు రిజర్వు చేసుకోవాలి కూడా. పెట్టెలను పంపేసి ఒక్క చేతిసంచితో ర్యోకాన్‌కు వెళ్లడం ఉత్తమం.

ఇక వేళ. మన బడులకు వేసవి సెలవులిచ్చే ఏప్రిల్ చివరే జపాన్‌లో గోల్డెన్ వీక్. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా దేశమంతా ప్రయాణంలో ఉంటుంది. ఆ వారం దాటాక వెళితే అదే గది తక్కువకు వస్తుంది. శనివారం రాత్రులు నగరంలో, మామూలు రోజులు ర్యోకాన్‌లో గడిపేలా వేసుకుంటే మరికొంత మిగులుతుంది. పది రాత్రుల ప్రయాణానికి ఎనిమిది రాత్రులు అందరూ ఒకేచోట పట్టే వంటగది బస, ఒక రాత్రి మంచాలున్న ర్యోకాన్, ఒక రాత్రి కోయాసాన్ చాలు. ఈ పంపకం ఎవరి కోసమన్నది మాత్రం ఇంట్లో అడిగే తెలుసుకోవాలి. 'నాకేం ఫరవాలేదు, మీరెలా అంటే అలా' అని పెద్దవాళ్లు ఎలాగూ అంటారు. జపాన్ హోటల్ ఫారంలో ఆ జవాబు రాయడానికి గడి ఉండదు. రెండోసారి అడగండి.