రెండు మందులు ఒకే ట్యాంకులో పోస్తామా?

ఈసారి పంట గురించి కాదు, కంప్యూటర్ గురించి. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా ఊరి పాల కేంద్రం లెక్కలు నాలుగేళ్లుగా నేనే రాస్తున్నా. మా అమ్మాయి చదువుకి కొన్న పాత ల్యాప్‌టాప్, అందులో ఒక ఎక్సెల్ ఫైలు. లీటర్లు, వెన్న శాతం కొడితే ఎవరికెంత రావాలో అదే తీస్తుంది. 15 రోజులకోసారి బిల్లు ఇవ్వాలి. పోయిన నెల బిల్లు రోజున ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే అరగంట తిరుగుతూనే ఉంది. తీరా తెరుచుకున్నాక చూస్తే ఆ ఫైలే లేదు! ఒక్క గేదె మీద బతికే పెద్దావిడ అరుగు మీద కూర్చుని, "బాబూ, దాణా కొట్టువాడికి రేపిస్తానని మాటిచ్చాను" అంది. నాకు నోట మాట రాలేదు.

టౌన్లో షాపుకి తీసుకెళ్తే "హార్డ్ డిస్క్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. అనుమానం వచ్చి హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేశా. వాడు అడిగిన మొదటి ప్రశ్న: "మావయ్యా, ఈ మధ్య ఏమన్నా కొత్తది వేయించావా?"

వేయించాను. పాత యాంటీవైరస్‌కి ఏడాది గడువు అయిపోయింది. రోజూ ఎర్ర డబ్బా పైకొచ్చి "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అని బెదిరిస్తుంటే, భయపడి అదే షాపులో ఇంకో కంపెనీది వేయించా. పాతది మాత్రం తీయలేదు. వాడు తీయలేదు, నేను తీయమనలేదు.

ఇక్కడే మనకు తెలియాల్సింది ఉంది. లైసెన్సు అయిపోయిందంటే ప్రోగ్రాం పోయినట్టు కాదు. కొత్త వైరస్‌ల సమాచారం రావడం ఆగిపోతుంది గానీ, చాలావాటిలో లోపలి భాగాలు కంప్యూటర్ ఆన్ కాగానే లేస్తూనే ఉంటాయి. మనం ఏ ఫైలు తెరిచినా ముందు యాంటీవైరస్ చూసి తర్వాత మనకు వదులుతుంది. రెండు ఉంటే ఒకే ఫైలుని రెండూ పట్టుకుంటాయి. మొదటిది ఫైలు తెరిస్తే "ఎవరో తెరిచారు" అని రెండోది లేస్తుంది. ఒకదాని దగ్గరుండే వైరస్ గుర్తులు చూసి రెండోది అదే వైరస్ అనుకోవచ్చు కూడా. మెషీన్ బలమంతా వాటి తగువుకే సరిపోతుంది.

రైతుకి ఇది కొత్త సంగతేం కాదు. బోర్డో మిశ్రమంలో పురుగు మందు కలిపితే రెట్టింపు పని చేస్తుందా? మందు చెడుతుంది, ఒక్కోసారి ఆకూ మాడుతుంది. ఆ తెలివి పొలంలో ఉంది గానీ, కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి "రెండుంటే ఇంకా మంచిదిలే" అనుకున్నా. తప్పు నాదే.

కానీ తప్పంతా మనదేనా? గడువు అయిపోయినప్పుడు కంపెనీ చెప్పాల్సింది ఒక్కటే: "నేను పని మానేశాను. డబ్బు కట్టండి, లేదా నన్ను తీసేసి వేరేది వాడుకోండి." ఈ రెండో మాట ఎవరూ చెప్పరు, భయం మాత్రం అమ్ముతారు. దీని మీద పెద్దవాళ్లే కొట్టుకున్నారు. విండోస్ 10 తమ యాంటీవైరస్‌ని పక్కకి నెట్టి సొంత డిఫెండర్‌ని ఎక్కిస్తోందని కాస్పర్‌స్కీ కంపెనీ 2016లో రష్యాలో, 2017లో యూరప్‌లో ఫిర్యాదు చేసింది. చివరికి మైక్రోసాఫ్ట్ దిగొచ్చింది. గడువు అయిపోతే, పాతదే కొనసాగిస్తారా, డిఫెండర్‌కి గానీ ఇంకోదానికి గానీ మారతారా అన్నది మనం తేల్చేదాకా ఆ కబురు తెర మీదే ఉండేలా మారుస్తామని 2017 ఆగస్టులో చెప్పింది. కంపెనీల గొడవ వాళ్లది. నాకు నచ్చింది, తేల్చుకునేది వాడేవాడు అన్న మాట. అది మన భాషలో, ఒక్క వాక్యంలో చెబితే ఎంత బాగుండు.

షాపుల వాళ్లకీ ఒక మాట. కొత్తది వేసే ముందు పాతది తీయడం మీ పని. డబ్బు తీసుకునేది అందుకే కదా.

ఇక మేనల్లుడు చేయించింది చెప్తా. ముందు కొత్త యాంటీవైరస్‌లో 'క్వారంటైన్' అనే చోట చూడమన్నాడు. నా ఎక్సెల్ ఫైలు అక్కడే ఉంది! అందులో ఉన్న మాక్రోలు చూసి వైరస్ అనుకుని దాచేసింది. ముందు ఫైలుని వెనక్కి తెచ్చుకుని, ఆ తర్వాతే తీసేయాలి. తొందరపడి తీసేస్తే ఫైలు కూడా పోవచ్చు. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ఒక్కొక్కటే తీసేసి, రీస్టార్ట్ చేశాం. పాతది మొండికేస్తే, ఆ కంపెనీయే ఇచ్చే తొలగింపు టూల్ వాడాం. వేరే యాంటీవైరస్ లేకపోతే విండోస్‌లో ఉన్న డిఫెండర్ తనే లేస్తుంది. విండోస్ సెక్యూరిటీలోకి వెళ్తే ఇప్పుడు కాపలా ఎవరిదో కనిపిస్తుంది. అప్‌డేట్లు ఆపకుండా ఉంటే మనలాంటి వాళ్ల పనికి అది చాలని నా అభిప్రాయం. డబ్బు పెట్టి కొనేవాళ్లు కొనండి, కానీ ఒక్కటే ఉంచండి.

బిల్లు రెండు రోజులు ఆలస్యమైంది. పెద్దావిడ ఏమీ అనలేదు, డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లింది. ఆ రెండు రోజులు దాణా కొట్టు దగ్గర ఆవిడ పడిన మాట మాత్రం నా ఖాతాలోనే ఉంది. ఇప్పుడు ప్రతి బిల్లుకీ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో కూడా దాస్తున్నా.

మీ ఇంట్లో పిల్లల ల్యాప్‌టాప్‌లో ఎన్ని ఉన్నాయో ఈ రాత్రే ఒకసారి చూడండి.