పక్క కుర్చీలో ఆవిడ

1990 సెప్టెంబరు నెల. అమెరికాలో టెనెసీ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్ ప్యాట్ సమిట్. నెలలు నిండిన మనిషి. అయినా సరే, పెన్సిల్వేనియాలో ఒక మంచి క్రీడాకారిణి ఉందని తెలిసి, ఆ పిల్లని తమ కాలేజీలో చేర్చుకోవటానికి చిన్న విమానం ఎక్కి వెళ్ళింది. ఆ ప్రయాణంలోనే నొప్పులు మొదలయ్యాయి. తిరుగు ప్రయాణంలో వర్జీనియాలో దించేస్తామంటే ఆవిడ ససేమిరా అంది. ఆ ఏడాదే వర్జీనియా జట్టు చేతిలో ఓడిపోయి ఉన్నారు మరి! కొడుకు టెనెసీ గడ్డ మీదే పుట్టాలని పంతం పట్టి, నాక్స్‌విల్ చేరాకే కన్నది.

ఈ సంగతి చదివినవాళ్ళందరూ 'అబ్బ, ఏం గుండె!' అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ కథలు రాసే అలవాటున్నదాన్ని కదా, నా కన్ను పక్క పాత్ర మీదికి పోయింది. ఆ విమానంలో ఇంకొకావిడ ఉంది. పేరు మిక్కీ డిమాస్. అసిస్టెంట్ కోచ్. పక్కన నొప్పులు పడుతున్న యజమానురాలు, కింద ఎక్కడ దిగాలో తేలని పరిస్థితి... ఆ గంటల్లో ఈవిడ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఎవరికైనా పట్టిందా?

అసిస్టెంట్ అంటే బంతులు ఏరి అందించే మనిషి అనుకునేరు. కాదు. ఏ ఊళ్ళో ఏ హైస్కూలు పిల్ల బాగా ఆడుతోందో తిరిగి చూసి రావాలి. ఆ పిల్లకి ఉత్తరాలు, ఫోన్లు. వాళ్ళమ్మకి 'మీ అమ్మాయిని మా కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాం' అని నమ్మకం కలిగించాలి. ఎదుటి జట్టు ఆడిన ఆటల టేపులు అర్ధరాత్రి దాకా చూసి, ఎవరు ఏ చేత్తో ఆడతారో, ఎవరు ఎక్కడ తడబడతారో రాసిపెట్టాలి. ఇంటిమీద బెంగపెట్టుకున్న పిల్లని ఊరడించాలి. హెడ్ కోచ్ తిట్టి వెళ్ళిపోతే ఆ తిట్టులోని మంచేమిటో విడమరచి చెప్పాలి. (ఈ చివరి పని మన ఇళ్ళల్లో ఎవరు చేస్తారో వేరే చెప్పాలా?) గెలిస్తే కెమెరాలు హెడ్ కోచ్ మీదికి. ఓడిపోయి ఆ హెడ్ కోచ్‌ని తీసేస్తే మాత్రం చాలాసార్లు అసిస్టెంట్ల ఉద్యోగాలూ వెనకే పోతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు తమ మనుషుల్ని తెచ్చుకుంటారు.

అసలు ఈ ఆటలో మొదటి కుర్చీలు ఎవరివి? 1974లో ప్యాట్ సమిట్ హెడ్ కోచ్ అయినప్పుడు వయసు 22. జీతం నెలకి 250 డాలర్లు. ఆటగత్తెల బట్టలు తనే ఉతికేది, వ్యాను తనే నడిపేది. అప్పట్లో ఆడపిల్లల జట్లకి కోచ్‌లు నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్ళే. 1972లో 'టైటిల్ నైన్' అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే చదువుల సంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదని దాని సారాంశం. ఆడపిల్లల ఆటలకి మెల్లగా డబ్బు వచ్చింది, కోచ్‌లకి మంచి జీతాలొచ్చాయి. 2014కి అన్ని ఆటలూ కలిపి చూస్తే ఆడపిల్లల జట్లకి మహిళా కోచ్‌లు నూటికి 43 మందే మిగిలారు! మనకిది కొత్తా? రోజూ పొయ్యి దగ్గర ఆడవాళ్ళు. పెళ్ళివంటకి డబ్బిచ్చేసరికి గాడిపొయ్యి దగ్గర మగవాళ్ళు.

అందుకే క్రిస్ డెయిలీ సంగతి చదివినప్పుడు ముందు నాకు కోపం వచ్చింది. 1982లో రట్గర్స్ తరఫున జాతీయ ఛాంపియన్ జట్టులో ఆడిన మనిషి. 1985లో కనెక్టికట్ యూనివర్సిటీలో జీనో ఆరియెమా కోచ్‌గా చేరినప్పుడు ఆయనకి సహాయకురాలిగా వచ్చింది. నలభై ఏళ్ళు గడిచాయి. ఆ జట్టు 2025 నాటికి పన్నెండు జాతీయ టైటిళ్ళు గెలిచింది. ఆవిడ ఇప్పటికీ ఆయన పక్క కుర్చీలోనే. 2021 మార్చిలో ఆయనకి కోవిడ్ వస్తే జాతీయ టోర్నమెంటులో మొదటి రెండు ఆటలూ ఆవిడే నడిపించింది. రెండూ భారీ తేడాతో గెలిచింది. ఆయన రాగానే మళ్ళీ పక్క కుర్చీ!

'అంత చేతనైన మనిషి ఇన్నేళ్ళు రెండో స్థానంలో ఎలా ఉంది?' అని నాలో నేనే గొణుక్కున్నాను. ఆ తర్వాత నాకే సిగ్గేసింది. డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉన్న నన్ను చూసి ఎవరైనా ఇదే మాట అంటే నాకెంత ఒళ్ళు మండుతుందో నాకు తెలుసు. 'నా ఇష్టమే' అంటాను గట్టిగా. అది పూర్తిగా నా ఇష్టమేనా అని రాత్రిపూట ఒక్కదాన్నే అనుకోవటం వేరే సంగతి.

డిమాస్‌నే చూడండి. టెనెసీలో పద్ధెనిమిదేళ్ళు పక్క కుర్చీలో ఉండి, ఆరు టైటిళ్ళు చూసి, 2003లో కెంటకీకి హెడ్ కోచ్‌గా వెళ్ళింది. 2006లో దేశంలోనే మొదటి ర్యాంకులో ఉన్న టెనెసీని ఓడించింది కూడా. అంటే చేతకాక పక్కన కూర్చోలేదు! 2007లో ఆ పదవి వదిలేసి, మళ్ళీ టెక్సాస్‌లో అసిస్టెంట్‌గా చేరింది. దీన్ని 'దిగిపోవటం' అని ఎందుకనాలి? తనకి నచ్చిన పని ఏదో తెలుసుకున్నదనకూడదా?

ఐతే అందరికీ ఆ వీలుండదు. హోలీ వార్లిక్ 1985 నుంచీ సమిట్ దగ్గరే పనిచేసింది. సమిట్‌కి మతిమరుపు జబ్బు వచ్చాక 2012లో ఆ పీఠం ఎక్కింది. అంత గొప్పావిడ తర్వాత ఎవరు కూర్చున్నా పోలిక తప్పదు. 2019లో తీసేశారు. ఐయోవాలో జాన్ జెన్సెన్‌కి అదృష్టం ఇంకోలా పట్టింది. లీసా బ్లూడర్ పక్కన మూడు దశాబ్దాలకి పైగా ఉండి, కెయిట్లిన్ క్లార్క్‌లాంటి క్రీడాకారిణి తయారవటంలో చెయ్యి వేసి, 2024లో బ్లూడర్ రిటైరయ్యాక హెడ్ కోచ్ అయింది.

కాబట్టి నేననేది ఇంతే. పక్కన కూర్చున్నవాళ్ళని 'పాపం' అనొద్దు, 'ఎంత త్యాగమో' అని దండలూ వెయ్యొద్దు. ఆ రెండు మాటలతోనూ జీతం పెరగదు. ఆ పనికి తగ్గ డబ్బివ్వండి. గెలిచిన రోజున పేపర్లో పేరు వెయ్యండి. హెడ్ కోచ్‌ని తీసేసినా కాంట్రాక్టు గడువు పూర్తయ్యేదాకా వాళ్ళ జీతం ఆపకండి. మొదటి కుర్చీ ఖాళీ అయినప్పుడు, బయటివాళ్ళని వెతికే ముందు పక్క కుర్చీ మనిషిని ఒకమాట అడగండి. వద్దంటే అది ఆవిడ ఇష్టం. అడగకుండానే 'ఆవిడకి వద్దులే' అనుకోవటం మాత్రం మన తప్పు.

2018లో మహిళా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో డిమాస్‌నీ, డెయిలీనీ ఒకే ఏడాది చేర్చుకున్నారు. ఏళ్ళ తరబడి ఎదురెదురు జట్ల బెంచీల మీద కూర్చున్న ఇద్దరు అసిస్టెంట్లు! చూడటానికి ప్యాట్ సమిట్ లేదు, 2016లోనే పోయింది. ఆ హాల్ ఉన్నది నాక్స్‌విల్‌లో, ఆనాడు ఆ చిన్న విమానం దిగిన ఊళ్ళోనే.