45 వేల కరెంటు తీగ, తెగ్గొట్టిన ఎర్తు

ఈ సంక్రాంతికి కూకట్‌పల్లిలో మా బావ వాళ్ళింటికెళ్ళాను. బావ అంటే మేనత్త కొడుకు. పాటల పిచ్చోడు. నా చిన్నప్పుడు టేప్‌రికార్డర్ ముందు కూర్చోబెట్టి ఇళయరాజా పాటలో బేస్ గిటార్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టు వినిపించింది ఆయనే. అందుకే ఇది రాయాలంటే కాస్త బాధగానే ఉంది. కానీ రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

హాల్లో అడుగుపెట్టగానే "ఇది చూడరా" అని యాంప్లిఫయర్ వెనక్కి టార్చి కొట్టాడు. బొటనవేలంత లావున, నీలం అల్లికతో, కొండచిలువ పిల్లలాంటి తీగ ఒకటి గోడ ప్లగ్గులోంచి వచ్చి యాంప్లిఫయర్లోకి దూరింది. స్పీకర్ తీగ కాదండీ, ఉత్త కరెంటు తీగ. మీటరున్నర పొడుగు. 45 వేలు, అదీ ఈఎంఐ మీద. దానికి తోడు రోడియం పూత సాకెట్టు, తీగ నేలకి తగలకుండా చెక్క స్టాండ్లు, బాణం గుర్తు వేసిన ఫ్యూజు.

ఫ్యూజు మీద బాణం ఎందుకు బావా అంటే, "కరెంటు అటువైపే వెళ్ళాలిట" అన్నాడు.

మన ఇళ్ళకొచ్చేది 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు. అంటే సెకనుకి 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ఆ బాణం సగం సేపు కరెక్టు, సగం సేపు తప్పు. ఈఈఈ చదివి జావా రాసుకుంటూ బతుకుతున్న నాలాంటి వాడికి కూడా ఈ మాత్రం గుర్తుంది. పండగ పూట గొడవెందుకని నవ్వి ఊరుకున్నా. అదే నేను చేసిన తప్పు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య తడిగుడ్డతో దుమ్ము తుడుస్తూ యాంప్లిఫయర్ మీద చెయ్యేసింది. కెవ్వున కేక. వెళ్ళి చూస్తే వెనక్కి పడి ఉంది. కాళ్ళకి రబ్బరు చెప్పులుండబట్టి సరిపోయింది గానీ, చెయ్యి రెండ్రోజులు తిమ్మిరిగానే ఉందిట. టెస్టర్ పెట్టి చూస్తే యాంప్లిఫయర్ బాడీ మీద దీపంలా వెలిగింది!

ప్లగ్గు పీకి, మూత విప్పి చూశాం. రోడియం సాకెట్టు బిగించినప్పుడు ఫేజు తీగని రేకు కింద నలిపేశారు. పండక్కి చుట్టాల కోసం టీవీని లోపలి గదిలోకి మార్చి యాంప్లిఫయర్ని పక్కకి జరిపారు. ఆ కుదుపుకి నలిగిన తీగ బాడీకి తగిలినట్టుంది. సరే, పొరపాట్లు జరుగుతాయి. అలాంటి పొరపాటు జరిగితే కాపాడ్డానికే ఎర్తు అనేది ఉంది. ఫేజు బాడీకి తగలగానే కరెంటంతా ఎర్తులోకి ఉరికి, ఎంసీబీ టప్పున పడిపోవాలి. పడలేదు. ఎందుకంటే 45 వేల తీగ ప్లగ్గు లోపల ఎర్తు వైరు కత్తిరించి టేపు చుట్టి ఉంది!

ఎవరు చేశారయ్యా అంటే, బావే. స్పీకర్లలో "హుమ్" అని రొద వస్తోందని ఫోన్ చేస్తే, "ఎర్తులోంచి డర్టీ కరెంటు వస్తోంది సార్, తీసేయండి, సౌండ్ క్లీనవుతుంది" అన్నాడట తీగ అమ్మినాయన.

ఇదిగో, ఇక్కడ నాకు మండింది. డబ్బున్నవాడు తన డబ్బు తగలేసుకుంటే నాకేంటి, వాచీలకీ కార్లకీ తగలేసేవాళ్ళు లేరా అని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. ఇప్పుడనుకోను. వైరింగులో ఏది అలంకారమో ఏది ప్రాణాధారమో తెలియకుండా చేసే వ్యాపారం ఇది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

అసలు లెక్క చూద్దాం. యాంప్లిఫయర్‌తో పాటు డబ్బాలో వచ్చే మామూలు నల్లతీగ తీసుకోండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి, మీటరున్నర. రానూపోనూ కలిపి దాని రెసిస్టెన్స్ సుమారు 0.04 ఓమ్. యాంప్లిఫయర్ 100 వాట్లు లాగుతోందనుకుంటే అరాంపియరు కూడా ఉండదు. తీగలో పోయే వోల్టేజి 0.02 వోల్టు లోపే. 230లో 0.02! బావ వాళ్ళింట్లో సాయంత్రం వీధిలో గీజర్లు వేసేసరికి స్టెబిలైజర్ మీద అంకె 235 నుంచి 215కి దిగుతుంది. పాట మాత్రం ఆగదు, మారదు.

ఎందుకు మారదంటే, గోడలోంచి వచ్చిన కరెంటు అలాగే స్పీకర్లోకి వెళ్ళదు. ముందు ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి తగ్గిస్తుంది. తర్వాత నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దిశకి తిప్పుతాయి. ఆపైన లావుపాటి కెపాసిటర్లు దాన్ని నిలవ చేసి చదును చేస్తాయి. అలా తయారైన డీసీ మీదే మ్యూజిక్ నడుస్తుంది. కరెంటుని శుభ్రం చేసే పని యాంప్లిఫయర్ లోపలే జరుగుతోంది, మీరు కొన్నప్పుడే దానికి డబ్బు కట్టేశారు. చివరి మీటరున్నర తీగ మార్చితే గానీ బాగా మోగని యాంప్లిఫయర్ అయితే, తప్పు దాని డిజైన్‌ది.

పైగా ఆ కరెంటు శ్రీశైలంలోనో రామగుండంలోనో పుట్టి, టవర్లెక్కి దిగి, సబ్‌స్టేషన్లు దాటి, మీ వీధి స్తంభం మీద అల్యూమినియం తీగలో వేలాడి వస్తోంది. సాగర్ నుంచి నీళ్ళొచ్చే పైపులైన్ అంతా అలాగే ఉంచి, వంటింట్లో బంగారు కుళాయి పెడితే నీళ్ళు తియ్యగా అవుతాయా?

"లెక్కలొద్దురా, నా చెవులకి తేడా వినిపించింది" అన్నాడు బావ. ఆయన అబద్ధం చెప్తున్నాడని నేననను. వినిపించే ఉంటుంది. 45 వేలు పెట్టి, దీపాలార్పి, ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటే ఇన్నాళ్ళూ పట్టించుకోని తబలా దరువు కూడా వినిపిస్తుంది. అది శ్రద్ధ మహత్యం, తీగది కాదు. తేడా తీగదేనా అని తేల్చుకోవాలంటే ఏ తీగ పెట్టారో తెలియకుండా వినాలి. 2004లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆడియో ప్రియులు ఆ పనే చేశారు. ఒకవైపు మామూలు తీగ, ఇంకోవైపు 2,500 డాలర్ల నార్డోస్ట్ వల్హల్లా కరెంటు తీగ. మొత్తం 149 జవాబుల్లో 73 సరైనవి, అంటే 49 శాతం. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. విన్నవాళ్ళు ఈ తీగలంటే పడనివాళ్ళు కూడా కాదు, మన బావలాంటి వాళ్ళే.

జపాన్‌లో కొందరు ఆడియో పిచ్చోళ్ళు ఇంటి ముందు సొంత కరెంటు స్తంభం, సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకుంటారని 2016లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. వాళ్ళు కనీసం ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్ళారు. ఆ లెక్కన బోరు మోటారుకి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకున్న మన రైతులే పెద్ద ఆడియోఫైల్స్ :)

కరెంటు వల్ల సౌండ్ ఎప్పుడూ పాడవదని నేననట్లేదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే రొద వస్తుంది, సైన్ వేవ్‌ది పెడితే పోతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్లు, చవక ఎల్ఈడీ బల్బులు రేడియోలో బరబరలాడిస్తాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు వోల్టేజి ఎగిరి సామాన్లు కాలిపోతాయి, దానికి సర్జ్ ప్రొటెక్టర్ ఉంది. ఇవన్నీ నిజమైన రోగాలు, వీటికి మామూలు మందులున్నాయి.

బావ వాళ్ళింట్లో రొద కూడా అంతే. కొత్త ప్లగ్గు పెట్టి, ఎర్తు కలిపి, టీవీ మళ్ళీ హాల్లోకి తెచ్చాం. రొద తిరిగొచ్చింది. సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వైరు ఊడదీశాను. ఠక్కున ఆగిపోయింది! కేబుల్ వైరు ఎర్తు ఒకటి, ఇంటి ఎర్తు ఇంకొకటి. రెండిటి మధ్యా ఉన్న తేడా స్పీకర్లలోంచి పాడుతోంది, అంతే. కేబుల్ వైరుకి మధ్యలో ఐసొలేటర్ అని చిన్న ముక్క పెడితే పోయే రోగం. దానికి ఎర్తు కత్తిరించడం అంటే తలనొప్పికి తల తీసేయడమే.

కాబట్టి నేను చెప్పేదొకటే. మూడు పిన్నుల ప్లగ్గులో పైదాన్ని పొడుగ్గా, లావుగా ఊరికే పెట్టలేదు. అన్నిటికంటే ముందు ఎర్తు తగలాలని, అన్నిటికంటే చివర ఊడాలని అలా పెట్టారు. మీ తీగ 200 రూపాయలదైనా 2 లక్షలదైనా ఆ పిన్ను జోలికి పోకండి. మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు పనిచేస్తోందో లేదో చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. ఎర్తు గుంత ఎక్కడుందో మీ అపార్ట్‌మెంట్ వాళ్ళనడిగి, ఎండాకాలంలో దానికి నీళ్ళు పోయించండి. ఆ తర్వాత కూడా డబ్బులు మిగిలితే మంచి స్పీకర్లు కొనుక్కోండి. వాటిని గోడకి అడుగు దూరం జరిపి చూడండి, పాలరాయి నేల మీద తివాచీ పరవండి. తేడా మీకే కాదు, పక్కింటివాళ్ళకీ వినిపిస్తుంది.

బావ ఇంకా ఆ నీలం తీగ తీయలేదు. ఈఎంఐ ఇంకా ఏడు నెలలుంది మరి. అత్తయ్య మాత్రం యాంప్లిఫయర్ ఛాయలకి వెళ్ళడం మానేసింది.

నా చెవులు మంచివి కావనీ, నాకు సంగీతం తెలీదనీ తిట్టదలుచుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టొచ్చు. కాకపోతే ముందు మీ ఇంట్లో ఎర్తు చెక్ చేయించుకుని వచ్చి తిట్టండి.