బోర్డు మీద వైన్స్... ద్రాక్ష తోట ఎటువాయె?

మేము ఈమధ్య కైకలూరు పోయినం. కొల్లేటి పక్షులను చూసి సెంటర్ల బస్సు కోసం నిలబడితే ఎదురుంగ బోర్డు: ‘వైన్స్’. మన సిద్దిపేటల, జనగామల ఉండేది గూడ అదే బోర్డు. లోపల మాత్రం విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. ద్రాక్షరసంతోని చేసిన సీసా ఏ మూలకో ఒకటుంటే ఉంటది. పేరు ద్రాక్షది, యాపారం సారాయిది!

ఆ ఒక్క సీసా మీద ఊరి పేరు చదువుండ్రి. నాసిక్ దో, బెంగళూరు పక్క నంది కొండలదో అయితది. హైదరాబాదు పేరు ఎందుకు లేదు?

అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరొచ్చిందే హైదరాబాదుల. 1890 ప్రాంతంల అబ్దుల్ బాకర్ ఖాన్ ఆ తీగను ఈ గడ్డ మీద పెంచిండు. తర్వాత రంగారెడ్డి జిల్లా అంత పందిళ్లే. అది తినే పండు, వైనుకు పనికిరాదని పండితులంటరు. నిజమే అనుకుందాం. నాసిక్ రైతు మాత్రం మొదలు పెంచింది తినే థాంప్సన్ సీడ్‌లెస్సే గదా! మహారాష్ట్ర సర్కారు 2001ల ద్రాక్ష పాలసీ తెచ్చి, వించూరుల వైన్ పార్కు పెట్టింది. రైతు షిరాజ్, షెనిన్ బ్లాంక్ తీగలు నాటిండు. కర్ణాటక 2007ల తన పాలసీ తెచ్చుకున్నది.

అదే 2007ల ఉమ్మడి పాలకులు మనకేం చేసిన్రు? ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంల పెట్టిన్రు. ద్రాక్ష రంగారెడ్డిల, రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి పెత్తనం పశ్చిమ గోదావరిల! ఈలోపల బోర్లు ఎండె, పందిళ్ల జాగల ప్లాట్ల రాళ్లు మొలిచె.

కైకలూరు జనంతోని మాకు పగ లేదు. కొల్లేటి వడ్డీల సరస్సును పైసలున్నోళ్లు చేపల చెరువులు చేసుకున్నరు. వాళ్ల గోస, మన గోస ఒక్కటే. ఆ చెరువుల బొచ్చె, శీలావతి ఐసు పెట్టెలల్ల మన మార్కెట్లకు వస్తది. చింతపులుసు పెట్టిన చేపకు పుల్లటి తెల్ల వైను, సావిన్యో బ్లాంక్ లాంటిది, కుదురుతది. కారం ఎక్కువైతే కొంచెం తీపున్న షెనిన్ బ్లాంక్ కావాలె. వగరు ఎర్ర వైన్ కారాన్ని ఇంక మండిస్తది, అది వేట కూరకే నయం. మన తాత ఈ లెక్కలేం చదవలేదు. చేప పులుసు పక్కన పులిసిన కల్లు ముంత పెట్టుకున్నడు. ఆ కల్లు దుకాణాలనే 2004ల హైదరాబాదుల మూసేసిన్రు. రాష్ట్రం వచ్చినంకనే, 2014ల, మళ్ల తెరిచిన్రు. గీత కార్మికుని ముంత పగులగొట్టినోళ్లు డిస్టిలరీ సీసాకు మాత్రం గల్లీ గల్లీకి తలుపు తీసిన్రు.

మరి మన సర్కారు? కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద మన ఉద్యాన విశ్వవిద్యాలయం మనకు వచ్చింది. తోట మాత్రం రాలె. 2023ల 2,620 మద్యం దుకాణాలకు లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చినయి. ఒక్కో దరఖాస్తుకు అప్పుడు 2 లక్షలు, తిరిగియ్యరు. ఫీజుల మీదనే 2,600 కోట్లు దాటె! లాఠీ దెబ్బలు తిన్న విద్యార్థి, 610 జీవో కోసం కొట్లాడిన ఉద్యోగి అడగాలె: ఈ పైసలల్ల తీగకు ఎంత, తాటిచెట్టుకు ఎంత?

మేము తాగుమంటలేం. తాగేటోని పైస ఎవని జేబుకు పోతుందో అడుగుతున్నం. రైతు తన తోటకాడనే చిన్న వైనరీ పెట్టుకునే హక్కు కావాలె. గీత సంఘాలకు ఈత, తాటి వనాల కోసం జాగ కావాలె. రాజేంద్రనగర్ కేంద్రానికి నిధులు కావాలె. అప్పటిదాక ఆ బోర్డు మీది ‘వైన్స్’ అనే మాట అబద్ధమే.

జై తెలంగాణ!