ఆశకు గీటురాయి

టీకా అనగానే రోగం రాకుండా కాపాడే కవచం స్ఫురిస్తుంది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ మశూచి విషయంలో చూపిన మార్గం అదే. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకిన తరువాత ఇవ్వదలచిన టీకా స్వభావం వేరు. ఒంట్లో దాగిన శత్రువు ఆనవాలును అది రక్షకకణాలకు తెలుపుతుంది.

క్యాన్సర్ కణం శరీరంలో పుట్టినదే. అందుచేత వ్యాధినిరోధక వ్యవస్థ దానిని తేలికగా పోల్చుకోలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరసత్యం. కొందరి కణితులలో హెర్-2 అనే ప్రోటీన్ మితిమీరి ఉంటుంది. ఆ గుర్తును రక్షకకణాలకు నేర్పడమే కొన్ని టీకాల లక్ష్యం.

ఈ ప్రయత్నం సులభసాధ్యం కాదు. వ్యాధి పాకిన వెయ్యిమందికి పైగా స్త్రీలతో పరీక్షించిన థెరటోప్ టీకా 2003లో విఫలమైంది. 2022లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వ్యాధి ముదిరిన దశకు చేరి చికిత్సతో అదుపులో ఉన్న 66 మందికి హెర్-2 టీకా ఇచ్చిన ఫలితాలను ప్రకటించారు. అది సురక్షితమనీ, నిరోధక స్పందన కలిగిందనీ తేలింది. ఆయుర్దాయం పెంచుతుందని రుజువు కావాలంటే మరింత పెద్ద పరీక్ష అవసరం.

వైఫల్యాన్ని దాచక చెప్పడమే విజ్ఞానశాస్త్రపు శీలం. నిస్సహాయులకు రుజువుకాని మందును ఆశగా అమ్మడం ద్రోహం. అపజయానికి వెరచి పరిశోధన మానడమూ అన్యాయమే. తమకు మేలు కలుగుతుందో లేదో తెలియకపోయినా పరీక్షకు సమ్మతించిన ఆ స్త్రీల ఋణం తీరే మార్గం ఒక్కటే: ప్రతి ఆశనూ గీటురాయిపై నిజాయితీగా నిగ్గుతేల్చడం.