పని ఠేకాకు ఇవ్వొచ్చు, జిమ్మేదారీ ఇవ్వలేం

బక్రీద్‌కు మా ఆపా కొడుకు హైదరాబాద్ నుంచి మునగాల వచ్చాడు. ఖుర్బానీ హిస్సాలు పంచడం అయిపోయి, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, నా పక్కన కూర్చుని "మామూ, ఒక మష్వరా కావాలి" అన్నాడు. ఏదైనా రిష్తా సంగతేమో అనుకున్నాను. కాదు, నౌకరీ సంగతి.

వాడు విమానాల కాక్‌పిట్‌లో ఉండే తెరల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని చేస్తాడు. పని అసలు ఒక విదేశీ కంపెనీది. వాళ్లు ఇంకొకరికి ఠేకా ఇచ్చారు, ఆ ఇంకొకరు వీడి కంపెనీకి ఇచ్చారు. సెన్సర్ నుంచి సమాచారం ఆగిపోతే తెర మీద చివరి అంకెనే ఉంచాలని పైనుంచి వచ్చిన కాగితంలో ఉందట. ఎంతసేపు ఉంచాలో లేదట. "అంకె ఆగిపోయిందని పైలట్‌కు ఎలా తెలుస్తుంది మామూ? అది తాజాదే అనుకుంటాడు కదా" అన్నాడు. ఇదే మాట వాళ్ల లీడ్‌తో అంటే, "కాగితంలో ఉన్నట్టే కోడ్ ఉంది. పాస్ అని రాసెయ్. కాగితం మన పని కాదు" అన్నాడట.

నా నోటి నుంచి వచ్చిన మొదటి జవాబు చెప్పడానికి ఇప్పుడు షరమ్‌గా ఉంది. "నీ నౌకరీ నువ్వు చూస్కో బేటా, పైవాళ్లు చూసుకుంటారు" అన్నాను.

ఆ పైవాళ్లు నిజంగా చూసుకుంటారా? ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నవాణ్ని, ఆ సవాల్ నాకే ముందు తట్టాల్సింది. రాత్రి కూర్చుని పాత సంగతులు తిరగేశాను.

ముందు మన మీద పడిన ఇల్జామ్ సంగతి. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు రెండు కూలిపోయాయి. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో ఒకటి, 2019 మార్చి 10న ఇథియోపియాలో ఒకటి. 346 మంది ప్రాణాలు పోయాయి. ఆ జూన్‌లో బ్లూమ్‌బర్గ్ ఒక కథనం రాసింది. మ్యాక్స్ సాఫ్ట్‌వేర్ పనిలో గంటకు 9 డాలర్ల కూలీ ఇంజనీర్లున్నారని, భారత కంపెనీ హెచ్‌సీఎల్ పేరు, మన హైదరాబాద్ కంపెనీ సైయంట్ పేరు అందులో వచ్చాయి. సస్తా కూలీ వల్లే విమానాలు కూలాయన్నట్టు దునియా అంతా మాట్లాడింది. ప్రమాదాలకు కారణమైన ఎంక్యాస్ సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండు కంపెనీల ఇంజనీర్ల మీద ఆధారపడలేదని బోయింగే చెప్పింది. కానీ ఆ మాట ఎంతమంది విన్నారు?

అసలు గల్తీ ఎక్కడుంది? విమానం ముక్కును కిందికి వంచే ఆ వ్యవస్థ ఒకే ఒక్క సెన్సర్ మాట నమ్మింది. ఆ సెన్సర్ అబద్ధం చెప్తే రెండోదాన్ని అడిగే ఇంతెజామ్ లేదు. కోడ్ రాసింది అమెరికాలోని మరో కంపెనీ, బోయింగ్ ఇచ్చిన కాగితం ప్రకారమే రాసింది. అంటే కోడ్ 'పాస్', కాగితమే ఫెయిల్. మా భాంజా అడిగిన సవాల్ సరిగ్గా ఇదే.

అయితే ఠేకాకు ఇవ్వడమే తప్పా? కాదంటాను. అందుకు గవాహీ అంతరిక్ష నౌకల్లోనే ఉంది. అమెరికా స్పేస్ షటిల్‌లో ఐదు కంప్యూటర్లు ఉండేవి. నాలుగింటిలో నడిచే సాఫ్ట్‌వేర్ ఐబీఎం రాసింది. అవి మొరాయిస్తే పట్టుకోవడానికి ఐదో దాంట్లో రాక్‌వెల్ కంపెనీ విడిగా రాసిన సాఫ్ట్‌వేర్ ఉండేది. రెండూ ఠేకా పనులే. ఐబీఎం విభాగం తర్వాత చేతులు మారి లాక్‌హీడ్ మార్టిన్ కిందికి వెళ్లింది. 1996 నాటికి ఆ కోడ్ సుమారు 4,20,000 లైన్లు. అప్పటికి వరసగా వచ్చిన చివరి మూడు వెర్షన్లలో ఒక్కోదానిలో దొరికింది ఒక్కొక్క గల్తీ.

కరామత్ ఏమీ కాదు, పద్ధతి. రాసేవాళ్లు వేరు, పరీక్షించేవాళ్లు వేరు. ఏ గల్తీ దొరికినా అది ఎప్పుడు పుట్టింది, ఎలా దొరికింది, ఇంతకుముందే ఎందుకు దొరకలేదు అనే హిసాబ్ రాసేవారు. ఎవరు చేశారన్నదాని కంటే, మన పద్ధతిలో ఏ కంత నుంచి దూరిందన్నదే అక్కడ పెద్ద సవాల్. ఇదంతా చేయడానికి నాసా డబ్బూ ఇచ్చింది, టైమూ ఇచ్చింది.

అంత బారీకీగా చేసినా, ఇద్దరి పని కలిసే చోట మొదటి రోజే దెబ్బ తగిలింది. 1981 ఏప్రిల్ 10న తొలి షటిల్ ఎగరాల్సింది. ఐదో కంప్యూటర్‌కు మిగతా నాలుగింటితో టైము కుదరక ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత ఎగిరింది. అప్పుడు నేలమీదే దొరికింది, అల్‌హమ్దులిల్లాహ్.

1999లో అలా దొరకలేదు. అది మనుషులు లేని నౌక, కాక్‌పిట్ కూడా లేదు. కానీ సబక్ మాత్రం ఇదే. అంగారకుడి దగ్గరికి చేరిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ సెప్టెంబర్ 23న మాయమైంది. నేలమీద వాడే సాఫ్ట్‌వేర్‌లో ఠేకా కంపెనీ పౌండ్ల లెక్కలో అంకెలు ఇచ్చింది, నాసా వాటిని న్యూటన్ల లెక్క అనుకుంది. విచారణ తర్వాత నాసా తప్పంతా కంపెనీ మీదికి తోసెయ్యలేదు. గల్తీ ఎవరైనా చేస్తారు, దాన్ని పట్టుకోవాల్సిన మా తనిఖీలే ఫెయిలయ్యాయని ఒప్పుకుంది.

ఇక కాక్‌పిట్. 2000 మే నెలలో అట్లాంటిస్ షటిల్ కొత్త కాక్‌పిట్‌తో ఎగిరింది. పాత డయళ్లు, పాత తెరలు పోయి 11 రంగుల తెరలు వచ్చాయి. తెరలు కొత్తవే గానీ వాటిమీద సమాచారం చూపించే తీరు చాలావరకు పాతదే. ఆపద వస్తే వ్యోమగామి నాలుగైదు చోట్ల అంకెలు చూసి మనసులోనే లెక్క కట్టుకోవాలి. దాన్ని సరిచేసే ఇంకో పెద్ద మార్పు తలపెట్టారు. షటిల్‌ను విరమించాలని 2004లో నిర్ణయించాక ఆ పని ఆగిపోయింది. ఇందులో నాకు కనిపించిన సంగతి ఒక్కటే. తెర అంటే అలంకారం కాదు. ప్రాణం మీదికి వచ్చిన ముసాఫిర్‌కు ఆ క్షణంలో అదే కన్ను. ఆ కన్ను పాత అంకెను తాజాదని చూపిస్తే?

తర్వాత నాసా ఇంకో మెట్టు ముందుకెళ్లింది. నౌకను తానే సొంతం చేసుకోకుండా ప్రయాణాన్నే కొనడం మొదలుపెట్టింది. 2014లో బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్ల ఠేకాలు. స్పేస్‌ఎక్స్ డ్రాగన్ టచ్ తెరల ముందు 2021 నవంబర్‌లో కమాండర్‌గా కూర్చున్నది మన తెలంగాణ మూలాలున్న రాజాచారి. ఖైరియత్‌గా వెళ్లి వచ్చాడు.

బోయింగ్ స్టార్‌లైనర్ 2019 డిసెంబర్ 20న మనుషులు లేకుండా ఎగిరింది. దాని గడియారం రాకెట్ నుంచి తప్పు సమయం తీసుకుని 11 గంటల తేడాతో నడిచింది. అంతరిక్ష కేంద్రాన్ని చేరలేకపోయింది. అది కక్ష్యలో ఉండగానే ఇంకో గల్తీ దొరికింది. దిద్దకపోతే విడిపోయిన వెనక భాగం వచ్చి నౌకనే గుద్దుకునే ఖత్రా. ముక్కముక్కలుగా పరీక్షించారు గానీ, ఎగరడం నుంచి కేంద్రాన్ని చేరేదాకా ఒకే పొడుగు పరీక్ష చేయలేదు. స్పేస్‌ఎక్స్ కొత్తది కాబట్టి దాని మీద ఎక్కువ కన్ను పెట్టామని, పాతవాళ్లు కదా అని బోయింగ్ దగ్గర అంతగా చూడలేదని నాసా తర్వాత ఒప్పుకుంది. భరోసా మంచిదే. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మనకు చిన్నప్పుడే నేర్పలేదా?

మా ఊళ్లో మస్జిద్ పైఅంతస్తు స్లాబ్ వేసినరోజు గుర్తొచ్చింది. పని మేస్త్రీకి ఠేకా, మేస్త్రీ సెంట్రింగ్ ముఠాకు ఠేకా. కాంక్రీటు పోయబోతుంటే ఒక ముసలాయన నిచ్చెనెక్కి చువ్వల మధ్య ఎడం కొలిచాడు. ఒక మూలన కాగితంలో ఉన్నదానికంటే వెడల్పుగా ఉంది. పని ఆపించాడు. మిల్లర్ మిషన్ కిరాయి దండగైందని కమిటీలో కొందరు గుర్రుమన్నారు. ఇవాళ ఆ స్లాబ్ కింద రెండు సఫ్‌లు నిలబడుతున్నాయి. ఆయన పేరు బోర్డు మీద లేదు.

ఇప్పుడు మన దేశం కూడా గగన్‌యాన్‌లో మనుషుల్ని పంపబోతోంది. అంతరిక్ష రంగంలోకి ప్రైవేటు కంపెనీలను పిలుస్తోంది. హైదరాబాద్‌లో ఆ పనులు చేసే కంపెనీలున్నాయి, ఇంకా వస్తాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలకు అందులో నౌకరీలు రావాలనే నా దువా. పని ఇచ్చేవాళ్లకు నా గుజారిష్ మూడు మాటలు. ఠేకా ఎంతమంది చేతులు మారినా, కాగితం సరిగ్గా ఉందా అని చూసే జిమ్మేదారీ మొదటి యజమానిదే కావాలి. పరీక్షించేవాడి తన్ఖా, తరక్కీ, రాసేవాడి గడువుకు ముడిపడకూడదు. అట్టడుగున ఉన్న కుర్రవాడు రాసిన అనుమానం ఎవరూ చింపలేని విధంగా పైదాకా చేరాలి. 2003లో కొలంబియా రెక్కకు దెబ్బ తగిలిందేమోనని అనుమానించిన ఇంజనీర్లు కక్ష్యలో ఉండగానే ఫొటోలు తీయించమని అడిగారు. పైవాళ్లు ఒప్పుకోలేదు. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు తిరిగి రాలేదు. అది సాఫ్ట్‌వేర్ గల్తీ కాదు. కింది మాట పైకి చేరనివ్వని గల్తీ.

అమ్మీ అబ్బాలకూ ఒక మాట. మనం పిల్లల్ని "ప్యాకేజీ ఎంత?" అని అడుగుతాం. "మీ ఆఫీసులో గల్తీ కనిపిస్తే ఏం చేస్తారు బేటా?" అని కూడా అడుగుదాం. కమాయీ హలాల్ అయ్యేది తన్ఖా వచ్చిన దారి వల్ల మాత్రమే కాదు. కొలవకుండా 'పాస్' అని దస్తఖత్ పెడితే అది అమానత్‌లో ఖయానత్ కాదా?

తెల్లారి ఫజర్ నమాజు నుంచి వస్తూ వాడితో నా మాట వెనక్కి తీసుకున్నాను. "రాయి బేటా. అదబ్‌తో రాయి, సాఫ్‌గా రాయి, కాపీ పెట్టుకో" అన్నాను. రాశాడు. జవాబ్ ఇంకా రాలేదు. లీడ్ ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడట. "నౌకరీ పోతే?" అని ఆపా నా మీద కోపంగా ఉంది. ఆమె ఫికర్ తప్పని నేను అనలేను. కానీ ఆ తెర ముందు కూర్చునేవాడు కూడా ఒక తల్లి బిడ్డే కదా.